క్యూలో చివర నిలబడిన శెట్టెమ్మ

నాగవేణి సాధించినవి చెప్పుకోవాలంటే సైకిలు దగ్గర మొదలుపెట్టాలి. వడమాలపేట పక్కన వాళ్ల పల్లె నుంచి పుత్తూరు హైస్కూలుకు సైకిలు తొక్కుకుంటూ పోయిన మొదటి ఆడపిల్ల ఆమె. పదో తరగతిలో స్కూలు మొత్తానికి మొదటి స్థానంలో నిలిచింది. టైపులో తెలుగు హయ్యరు, ఇంగ్లీషు హయ్యరు ఒకే ఏడాది పాసైంది. తిరుపతిలో బి.కాం. చదువుతూ సాయంత్రాలు కంప్యూటర్ నేర్చుకుంది. రైల్వే రిజర్వేషన్ కిటికీ అవతల తప్ప కంప్యూటర్ ఎట్లా ఉంటుందో ఆ పల్లెలో ఎవరికీ తెలియని రోజులవి. పాలకేంద్రంలో ఎవరి ఆవు ఎంత పాలిచ్చిందో తెలుగు అక్షరాల్లో అచ్చు తీసి గోడకు అంటిస్తే, ఆ కాగితం చూడటానికి ఆవులు లేనివాళ్లు కూడా వచ్చి పోయారు.

ఇందులో ఏ ఒక్కటి చేసినా ఆ ఇంటికి చాలు. అయినా నాగవేణి పేరెత్తితే తెలిసినవాళ్లు ముందుగా చెప్పుకునేది శెట్టెమ్మ సంగతి. క్యూలో అందరికంటే వెనక ఇరుక్కుపోయిన ఒక కొయ్యబొమ్మను ఆ పిల్ల బయటికి తెచ్చిన సంగతి.

ఆమె నాయన తిరుమలయ్యకు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందులో బొమ్మల అంగడి ఉండేది. అంగడి అంటే గోడకు ఆనించిన మెట్లబల్ల, దాని మీద బొమ్మలు, పైన రేకు, అంతే. కొండ దిగివచ్చిన యాత్రికులు లాడ్జి ఖాళీ చేసి రైలెక్కేలోగా ఆ సందులో ఒక చుట్టు తిరిగేవాళ్లు. ఇంటికి తీసుకుపోవడానికి ఏదో ఒక బొమ్మ కొనేవాళ్లు. అలా కొన్న బొమ్మలు ఎన్ని ఊళ్లకు చేరాయో తిరుమలయ్యకే తెలియదు. తన బొమ్మ లేని రాష్ట్రం లేదని మాత్రం ఆయన గట్టిగా నమ్మేవాడు, అందులో అబద్ధం కూడా లేదు.

ఆ బొమ్మలన్నీ కుప్పుస్వామి చేతివి. నారాయణవనంలో ఉంటాడు. తాతల కాలంలో తిరుత్తణి వైపు నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి మాటలో అరవం కలుస్తుంది. దేవుళ్లను అందరిలాగే చెక్కేవాడు, కొలతకు కొలత. మనుషుల్ని చెక్కడంలోనే ఆయన పనితనమంతా ఉండేది. అందులోనూ శెట్టి దంపతులు. దసరా బొమ్మల కొలువులో అందరికంటే ముందర, సరుకుల గిన్నెలు పెట్టుకుని కూర్చునే అంగడి భార్యాభర్తలు వాళ్లు. మట్టి శెట్టి, మట్టి శెట్టెమ్మ ఏ ఊరి సంతలోనైనా దొరుకుతారు. కొయ్యతో చెక్కినవాళ్లు అరుదు. కుప్పుస్వామి శెట్టెమ్మ చేతిలో తరాజు ఉంటుంది గానీ చూపు తరాజు మీద ఉండదు. కొనడానికి వచ్చినవాళ్ల మొహం మీద ఉంటుంది. ఆ చూపు చూసి నవ్వకుండా పోయినవాళ్లు లేరు.

రెండు వేల నాలుగులో ఆ సందు వెడల్పు చేశారు. అంగళ్ల వరస పోయింది. తిరుమలయ్య మెట్లబల్ల పలకలు విప్పి, బొమ్మలతో పాటు ఆటోలో వేసుకుని, కూతురి కాలేజీ చదువప్పుడు పల్లె నుంచి కాపురం మార్చిన కొర్లగుంట ఇంటికి తెచ్చాడు. ఇంట్లో చోటు చాలలేదు. భార్య సుబ్బులమ్మ ఆ పలకలనే ముందు గదిలో మళ్లీ మెట్లుగా నిలబెట్టి బొమ్మలన్నిటినీ ఎక్కించింది. దసరా పది రోజులే ఉండాల్సిన కొలువు ఆ ఇంట్లో ఏడాది పొడుగునా నిలిచిపోయింది.

చూడటానికి బాగానే ఉండేది, కొనేవాళ్లే లేరు. కొత్త బొమ్మలు చెయ్యమని కుప్పుస్వామికి చెప్పడానికి తిరుమలయ్యకు నోరు రాలేదు. మరుసటి ఏడాది ఎండాకాలంలో కుప్పుస్వామే ఒకరోజు తిరుపతికి వచ్చాడు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, రేణిగుంటలో తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలో తనను రమ్మంటున్నారని చెప్పాడు. అక్కడంతా మిషనుతో పని. చెక్కడం ఉండదు, కోయడమే.

"ఈ తూరి ఆయుధ పూజ మా ఇంట్లోనే నా ఉలులకు చేసుకుంటానప్పా," అన్నాడు తిరుమలయ్యతో. "ఆ పక్క దినం నుంచి వాటిని అటక మింద పెట్టేస్తా. మిషనుకు ఉలితో ఏం పని?"

తిరుమలయ్య తలవంచుకున్నాడు. పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్న నాగవేణి మాత్రం లేచి వచ్చింది.

"అందాక ఆగు పెద్దయ్యా. అంగడి పోతే పోయింది, కంప్యూటర్లో పెడతా. ఇంటర్నెట్లో యాడ ఉండేవాళ్లయినా చూస్తారు. ఆయుధ పూజకు నీ ఉలులు పనిలో ఉంటాయి. నాదే పూచీ."

కుప్పుస్వామి ఆ పిల్ల సైకిలు తొక్కడం చూసినవాడు, టైపు పాసైనప్పుడు కలకండ తెచ్చి పెట్టినవాడు. సరే అన్నాడు. దసరా దాకా కార్ఖానాకు పోనని మాటిచ్చాడు.

అలా మొదలైంది ఆ అంగడి. కొయ్యబొమ్మలను ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టిన మనిషి తిరుపతిలో అంతకుముందు ఎవరూ లేరని కొర్లగుంట వాళ్లు ఇప్పటికీ చెబుతారు. నాగవేణి ఒక్కతే ప్రతి బొమ్మకూ ఫోటో తీసింది. పెట్టెలో ఎలా పోతుందో, ఏ కొయ్యో, ఏ రంగో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసింది. ఆర్డరిచ్చినవాళ్లు బొమ్మ అందాకే పోస్టుమానుకు డబ్బు కట్టేలా వి.పి.పి.లో పంపే ఏర్పాటు చేసింది. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే మునిశేఖర్ తన దగ్గరున్న వేగం నెట్ ఆమెకు వాడుకోవడానికిచ్చాడు. ఇంట్లో ఫోను తీగ మీద ఒక బొమ్మ తెరమీదికి వచ్చేలోపు సుబ్బులమ్మ అన్నం వార్చేది.

ఇక అంగడిని ఎలా అమర్చాలన్నది తండ్రీకూతుళ్లు కలిసి ఆలోచించారు. తిరుమలయ్య బ్రహ్మోత్సవాల్లో ఏటా క్యూల్లో మంచినీళ్లు అందించే సేవకు పోయేవాడు. అన్ని వేలమంది ఒకరినొకరు తొక్కుకోకుండా, ఒకరి వెనక ఒకరు, అందరూ స్వామిని చూసి బయటపడే ఆ ఏర్పాటుకు మించింది లోకంలో లేదని ఆయన అభిప్రాయం. నాగవేణి కూడా ఆ క్యూల్లో నిలబడి పెరిగిన పిల్లే. అందుకని అంగడినీ అలాగే కట్టింది.

తెర తెరుచుకోగానే మహాద్వారం బొమ్మ. దాని కింద 'లోపలికి' అన్న మాట నొక్కితే వచ్చినవాళ్లకు ఒక టోకెను. కొండమీద దర్శనానికి చేతికి కట్టే టోకెను లాంటిదే. ఇక్కడ అది చేతికి బదులు పేజీ చిరునామా చివర అంకెల తోకగా అంటుకుంటుంది. ఎవరు ఎంతదాకా వచ్చారో అంగడికి తెలియాలి గదా. లోపలికి పోతే మొదట వినాయకుడు. కింద 'తరువాతి బొమ్మ' అని ఉంటుంది. నొక్కితే వేంకటేశ్వరస్వామి, మళ్లీ నొక్కితే పద్మావతమ్మ, ఆ తరువాత దశావతారాలు, అష్టలక్ష్ములు, ఆళ్వార్లు, వాయిద్యాల వాళ్లు, పెళ్లిమేళం, ఏనుగులు. అందరికంటే చివర శెట్టి, శెట్టెమ్మ. దేవుళ్లు ముందు, మనుషులు తరువాత. వరసలో ఎక్కడా తప్పు లేదు.

ప్రారంభం రోజు వీధిలో వాళ్లంతా వచ్చారు. తిరుమలయ్య తెరకు హారతిచ్చాడు. కుప్పుస్వామి కుర్చీ అంచున కూర్చుని ఒక్కొక్క బొమ్మ రావడం కళ్లప్పగించి చూశాడు. కాసేపయ్యాక అడిగాడు.

"నా శెట్టెమ్మ యాడ పాపా?"

"వస్తాది పెద్దయ్యా. కడసీలో ఉండాది."

కుప్పుస్వామి ఓపిగ్గానే కూర్చున్నాడు. ఆళ్వార్లు సగం మంది వచ్చేసరికి పుత్తూరు బస్సు వేళయింది. ఇంకో దినం చూస్తాలే అని లేచి వెళ్లిపోయాడు. చేసినవాడే తన బొమ్మను చూడకుండా లేచిపోయాడని ఆ రోజు ఎవరికీ తట్టలేదు, నాగవేణికి కూడా.

నెల గడిచింది, ఆర్డర్లు రాలేదు. ఇంకో నెలకు ఒక ఆర్డరు వచ్చింది, అది కూడా మహాద్వారం పేజీలోని ఫోను నంబరు చూసి తెలిసినవాళ్లు చేసిందే. నాగవేణి మునిశేఖర్ నెట్ సెంటర్లో కూర్చుని, ఊరూ పేరూ తెలియనివాడు వెతికినట్టే వెతికింది. గూగుల్లో కొయ్య శెట్టి బొమ్మలు అని కొట్టింది, కొలువు బొమ్మలు అని కొట్టింది. ఎవరెవరివో వచ్చాయి గానీ తమవి రాలేదు. చివరికి తమ అంగడి పేరే కొట్టి, ఇందులో ఏయే పేజీలు నీకు తెలుసో చూపించు అని అడిగింది. మహాద్వారం వచ్చింది. దాని కింద వినాయకుడు. దాని కింద మళ్లీ వినాయకుడు. ఇంకా కిందికి పోతే, తోకలో అంకెలు మారాయి తప్ప అదే వినాయకుడు. అక్కడక్కడా ఒక వేంకటేశ్వరస్వామి. అంతటితో ఆగిపోయింది.

ఇంటికి వచ్చి చెబితే తిరుమలయ్య సంతోషించాడు. వినాయకుడు అన్నిసార్లు కనిపించడం మంచి శకునమన్నాడు. నాగవేణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శ్రావణం వచ్చేసింది. కొలువు పెట్టేవాళ్లు బొమ్మలు కొనుక్కునేది ఆ తరువాతి రోజుల్లోనే. ఆ రోజులు దాటితే కుప్పుస్వామి ఉలులు అటకెక్కినట్టే.

మరునాడు మునిశేఖర్ కూడా దెప్పాడు. మంచివాడే, నోరే ఊరుకోదు.

"మా అత్తకు శెట్టెమ్మను చూపిద్దామని మీ అంగట్లోకి పోయినానక్కా," అన్నాడు. "దశావతారాల కాడికే ఆమెకు కునుకు పట్టింది. మధ్యలో కొండమింద మాదిరి కంపార్టుమెంట్లు కట్టి ఉప్మా పొట్లాలు పంచితే నిలబడతారేమో."

నాగవేణికి కోపం వచ్చింది. దేవుళ్లను చూసే ఓపిక లేనివాళ్లకు బొమ్మలెందుకని అనేసి ఇంటికి వచ్చేసింది. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది గానీ ఏమీ తోచలేదు. ఎదురుగా మెట్లబల్ల మీద బొమ్మలన్నీ ఆమెనే చూస్తున్నాయి.

అప్పుడే పక్కింటి నిర్మలమ్మ వాకిట్లోకి వచ్చింది. ఆస్పత్రిలో ఆయా పని, డ్యూటీకి పోతూ ఆగింది.

"చెప్పులు విడవను లేమ్మా, ఆలస్యమయింది. అదో, కింద మెట్టు మింద కూర్చోనుండాదే, ఆ శెట్టెమ్మను ఇట్లియ్యి. మా ఆడబిడ్డ అడిగింది, ఒగసారి సూస్తా."

నాగవేణి బొమ్మను తీసి ఇచ్చింది. నిర్మలమ్మ శెట్టెమ్మ చూపు చూసి నవ్వింది, ఆడబిడ్డతో చెబుతానని తిరిగి ఇచ్చేసి వెళ్లిపోయింది. నాగవేణి మాత్రం బొమ్మ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

నిర్మలమ్మ గడప దాటలేదు. వినాయకుడికి దండం పెట్టి, దశావతారాలు ఒక్కొక్కటీ చూసి, ఆళ్వార్లను దాటుకుని రాలేదు. ఆమె కన్ను వాకిట్లోంచి మెట్టు మీదికి, మెట్టు మీదినుంచి బొమ్మ మీదికి పోయింది. రెండే అడుగులు.

ఆ క్షణంలో ఆ పిల్లకు తన అంగడి తప్పంతా ఒకదాని వెనక ఒకటి కనిపించింది. గూగుల్ వాళ్లు లోకంలోని పేజీలన్నీ చూసి రావడానికి ఒక ప్రోగ్రామును తిప్పుతారు. దానికి సాలీడు అని పేరు. ఒక పేజీలో ఉన్న దారి పట్టుకుని ఇంకో పేజీకి పాకడం దాని పని. తను చూసిన పేజీనే వెతికినవాళ్లకు చూపిస్తుంది, చూడని పేజీ దాని దృష్టిలో లేనట్టే. చూడాల్సినవి కోట్లున్నాయి కాబట్టి ఏ ఒక్క అంగట్లోనూ ఎంతోసేపు ఉండదు. అలాంటిదాన్ని నాగవేణి క్యూలో నిలబెట్టింది. ఒకటి రెండు బొమ్మలు చూసి అది వెళ్లిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు ద్వారం దగ్గర అంగడి దానికి కొత్త టోకెను ఇచ్చింది. టోకెను మారితే చిరునామా మారింది, చిరునామా మారితే సాలీడు లెక్కలో అది కొత్త పేజీ. పాత వినాయకుణ్ణే కొత్త వినాయకుడనుకుని రాసుకుని, మళ్లీ అక్కడినుంచే వెనక్కి పోయింది. వచ్చిన ప్రతిసారీ అంతే. శెట్టెమ్మ దాకా అది ఎన్నడూ రాలేదు. కుప్పుస్వామి రాలేదు, మునిశేఖర్ అత్త రాలేదు, సాలీడూ రాలేదు.

క్యూ తీసేస్తానని నాగవేణి చెప్పినప్పుడు తిరుమలయ్య ఒప్పుకోలేదు. దేవుళ్లను దాటించి నేరుగా శెట్టి దగ్గరికి పంపిస్తే అది అంగడా, సంతా అని అడిగాడు. లక్షమందికి సరిపోయిన ఏర్పాటు ఒక సాలీడుకు సరిపోలేదా అని కూడా అడిగాడు. ఆయన కోపంలో నిజమైన బాధ ఉంది. సందులో అంగడి పోయిన తరువాత ఆయనకు మిగిలిన గౌరవమంతా ఆ మహాద్వారంలోనే ఉంది. నాగవేణికి అది తెలుసు. అందుకే గొంతు పెంచలేదు.

"కొండమింద అందరూ ఒగే సామి కోసం వస్తారు నాయనా. అందుకే ఒగే క్యూ. మన అంగటికి ఒగొగరు ఒగొగ బొమ్మ కోసం వస్తారు. శెట్టెమ్మ కావాల్సినామె ఆళ్వార్లందరి ముందర ఎందుకు నిలబడాల?"

"నిలబడితే పుణ్యం."

"సాలీడుకు పుణ్యంతో ఏం పని నాయనా?"

సుబ్బులమ్మ అంతసేపూ వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంది. తలెత్తకుండానే మాట్లాడింది.

"నువ్వు సందులో అంగడి పెట్టినన్నాళ్లు వచ్చినోళ్లను వినాయకుడి కాడ్నించి వరసగా చూడమన్నావా? శెట్టెమ్మ అంటే శెట్టెమ్మనే తీసిచ్చినావు. అదో మెట్లు నీ కండ్ల ముందరే ఉండాయి. సామి పైమెట్టు మిందే ఉండాడు. శెట్టి నేలమిందే కూర్చోనుండాడు, వాకిట్లోకి వచ్చినోళ్లకు ముందర కనపడేది వాడే. దానికి సామికేం తక్కువైంది?"

తిరుమలయ్య మెట్లబల్ల వైపు చూశాడు. తన చేత్తో కొట్టించిన పలకలు అవి. చాలాసేపు చూసి, వినాయకుడు మాత్రం పైన ఉండాలన్నాడు. ఉంటాడని నాగవేణి మాటిచ్చింది. మాట తప్పలేదు కూడా.

ఆ తరువాత ఆమె చేసిన పని చూసినవాళ్లు మునిశేఖర్ ఒక్కడే. ఎప్పుడూ దెప్పే మునిశేఖర్ ఆ వారమంతా నోరెత్తలేదంటే ఆ పని ఎలాంటిదో అర్థం చేసుకోవచ్చు. మహాద్వారాన్ని అలంకారంగా పైన ఉంచి, దాని కింద మొదటి పేజీలోనే మెట్లన్నీ కనిపించేలా పేర్చింది. అన్నిటికంటే పైన వినాయకుడు, ఆ కింద వేంకటేశ్వరస్వామి మెట్టు, దశావతారాల మెట్టు, అమ్మవార్ల మెట్టు, మేళాల మెట్టు, జంతువుల మెట్టు, అన్నిటికీ ముందర నేలమీద శెట్టి అంగడి. ఒక మెట్టు నొక్కితే ఆ మెట్టు మీది బొమ్మలన్నీ వస్తాయి. బొమ్మను నొక్కితే దాని పేజీ. ఆ పేజీ నుంచి మళ్లీ మెట్టుకు పోవడానికి దారి, పక్క బొమ్మకు దారి, మొదటి పేజీకి దారి. ఏ బొమ్మయినా వాకిట్లోంచి రెండడుగుల దూరం. దారి లేని మూల ఒక్కటి కూడా మిగల్లేదు.

టోకెనునూ తీసేసింది. కొంటానని బుట్టలో వేసుకున్నవాళ్లకే ఆ నంబరు, చూసి పోయేవాళ్లకు అక్కర్లేదు. ప్రతి బొమ్మకూ మారని చిరునామా ఒకటి ఇచ్చింది, అందులో అంకెలకు బదులు ఆ బొమ్మ పేరే ఉంటుంది. పాత టోకెను తోకలతో ఎవరైనా వస్తే వాళ్లను కొత్త చిరునామాకు మళ్లించింది. అన్నాళ్లూ చీలిపోయి ఉన్న ఆ వినాయకులందరూ కలిసి మళ్లీ ఒక్క వినాయకుడయ్యారు. చివర్లో అంగడిలోని బొమ్మలన్నిటి పేర్లూ వరసగా ఉన్న పేజీ ఒకటి పెట్టి, దానికి వాకిట్లోంచే దారి వేసింది. తొందరలో ఉన్న సాలీడుకు అది చాలు.

ఇక ఎదురుచూడటం మిగిలింది. సాలీడును పిలిస్తే రాదు, దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. ఈ సంగతి కుప్పుస్వామికి చెప్పడం మాత్రం నాగవేణికి కొంచెం కష్టమైంది. అంతా విని ఆయన అర్థం చేసుకున్నదేమంటే, ఒక పురుగు వచ్చి తన శెట్టెమ్మను చూడాలి, చూసి పోయి ఊరందరికీ చెప్పాలి. అర్థం చేసుకున్నది సరిగ్గానే ఉంది. ఆ రోజు నుంచి నారాయణవనంలో కాయిన్ ఫోను నుంచి పొద్దున్నే ఫోను చేసేవాడు.

"ఏం పాపా, ఆ పురుగు వచ్చిందా?"

రాలేదంటే గమ్మున పెట్టేసేవాడు. వినాయక చవితి వెళ్లింది. కార్ఖానా వాళ్లు మనిషిని పంపించి ఎప్పుడొస్తావని అడిగారని ఒకరోజు చెప్పాడు. ఉలులు తుడిచి గోనెసంచిలో చుట్టిపెట్టానని ఇంకోరోజు చెప్పాడు. ఆ మాట విన్నరోజు నాగవేణికి అన్నం సయించలేదు. తను పూచీ ఇచ్చింది. మాటిచ్చి ఆయన్ను ఆపకపోతే, ఎండాకాలంలోనే ఆయన పనిలో చేరి ఉండేవాడు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, అదే ఆమెకు ఎక్కువ బాధ.

ఆ మరుసటి రోజో ఆ తరువాతో, అంగడికి ఎవరెవరు వచ్చి పోయారో వెనకనుంచి చూసే చోట ఆమెకు సాలీడు జాడ కనబడింది. వాకిట్లోకి వచ్చింది. అన్ని మెట్లూ ఎక్కింది. ప్రతి బొమ్మ దగ్గరా ఆగింది. శెట్టి అంగడికి పోయింది, శెట్టెమ్మను చూసింది. ఆ పొద్దున కుప్పుస్వామి ఫోను చేసేదాకా నాగవేణి ఆగలేకపోయింది. ఆయన ఇంటి పక్క అంగటికి తనే ఫోను చేసి పిలిపించింది.

"వచ్చింది పెద్దయ్యా. నీ శెట్టెమ్మ కాడికి నేరుగా వచ్చింది."

"నవ్విందా?" అన్నాడు కుప్పుస్వామి.

కొద్ది రోజులకు, ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి మొదటి ఆర్డరు కోయంబత్తూరు నుంచి వచ్చింది. రైల్వేలో పనిచేసే ఆయన భార్య రాసింది. బదిలీ అయిన ప్రతిసారీ తమ కొలువులో మట్టి శెట్టి దంపతులు పగిలిపోతున్నారట. ఈసారి కొయ్యవాళ్లు దొరుకుతారేమోనని ఇంటర్నెట్లో వెతికితే, ఈ శెట్టెమ్మ పేజీ ఎదురుగా వచ్చి నిలబడిందట. వాళ్ల అవ్వ కరూర్లో అంగడి నడిపేదని, ఆమె కూడా కొనేవాళ్లను అచ్చం ఇలాగే చూసేదని రాసింది. తిరుపతిలో ఇలాంటి అంగడి ఉన్నట్టు తనకు అంతకుముందు తెలియదని కూడా రాసింది.

తిరుమలయ్య ఆ మాట దగ్గర ఆగాడు. మహాద్వారం చూడకుండానే ఆమె లోపలికి ఎట్లా వచ్చిందని అడిగాడు.

"శెట్టెమ్మకు ఇప్పుడు సొంత వాకిలి ఉండాది నాయనా," అంది నాగవేణి. "ప్రతి బొమ్మకూ ఉండాది. ఏ వాకిట్లోంచి వచ్చినా అంగడి మనదే."

ఆ తరువాత హోసూరు నుంచి, పూనా నుంచి, హైదరాబాదు నుంచి వచ్చాయి. దశావతారాలు అడిగారు, మేళం అడిగారు, అందరికంటే ఎక్కువగా శెట్టి దంపతులనే అడిగారు. కుప్పుస్వామి గోనెసంచి విప్పాడు. కార్ఖానా మనిషి మళ్లీ వచ్చినప్పుడు చేతినిండా పని ఉందని మర్యాదగా చెప్పి, మజ్జిగిచ్చి పంపించాడు.

నాగవేణి గొప్పలు అక్కడితో ఆగలేదు. మరుసటి ఏడు నగరి చీరల నేతగాళ్లకు అలాంటి అంగడే కట్టిచ్చింది. పలమనేరు మట్టి పాత్రల వాళ్లకు కట్టిచ్చింది. కాలేజీ వాళ్లు పిలిస్తే పోయి, సైటును ఎట్లా పేర్చితే సాలీడుకు దారి దొరుకుతుందో పిల్లలకు చెప్పింది. నల్లబల్ల మీద కొలువు మెట్ల బొమ్మ గీసి చెప్పిందట, వెనక బెంచీల వాళ్లు కూడా రాసుకున్నారట. ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పే తరగతి కొర్లగుంటలోనే పెట్టింది. వాటన్నిటికీ సాక్షులు చాలామంది ఉన్నారు. శెట్టెమ్మ బయటికి వచ్చిన ఆ మొదటి ఏటి ఆయుధ పూజకు మాత్రం ఆ ఇంట్లోవాళ్లూ కుప్పుస్వామీ తప్ప ఎవరూ లేరు.

ఆ రోజు కుప్పుస్వామి నారాయణవనం నుంచి పొద్దున బస్సుకే వచ్చాడు. ఉలులన్నీ కొత్త గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఈ తూరి పూజ ఇక్కడే చేసుకుంటానన్నాడు. సుబ్బులమ్మ అప్పటికే మెట్లకు తెల్లగుడ్డ పరిచి కొలువు తీర్చింది. పైన వినాయకుడు, స్వామి, అమ్మవారు. కింద మేళం. ముందర నేలమీద పప్పూ బియ్యమూ పోసిన చిన్నచిన్న గిన్నెలు పెట్టింది గానీ వాటి వెనక ఎవరూ లేరు. ఇంట్లో ఉన్న చివరి శెట్టి, చివరి శెట్టెమ్మ కూడా ముందురోజే పూనాకు పోయారు.

ఊరందరి కొలువుకూ శెట్టిని పంపి మన కొలువును బోసి చేసిందని సుబ్బులమ్మ కూతురి మీద విసుక్కుంది. శెట్టి లేని కొలువు ఎక్కడైనా ఉందా అని అడిగింది. నాగవేణి తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది.

కుప్పుస్వామి గిన్నెల వెనక ఖాళీ చోటు చూశాడు. గుడ్డ విప్పాడు. ఉలులు ఒక్కొక్కటీ తీసి, అరిగిన పిడులు తన వైపుకూ అంచులు దేవుళ్ల వైపుకూ వచ్చేలా, శెట్టి దంపతులు కూర్చునే చోట వరసగా పేర్చాడు.

"ఉండనీ తల్లీ," అన్నాడు సుబ్బులమ్మతో. "ఈ ఏటికి ఈడ కూర్చునేది ఇవే. కుంకం పెట్టు."